బ్రహ్మంగారిని పరీక్షించినవారు

రేనాటిసీమలో నంద్యాల మొదలు ఆళ్లగడ్డ మీదుగా మైదుకూరు దాకా నడచిపోయే బాటసారికి బ్రహ్మంగారి పేరు వినబడని పల్లె ఒక్కటైనా తగలదు. వాన తప్పినా, ధరలు మండినా, కొడుకు తండ్రిని ఎదిరించినా, అది బ్రహ్మంగారు ఏనాడో చెప్పిపెట్టినదే అని రచ్చబండమీది పెద్దలు తీర్పు చెప్పివేస్తారు. చెప్పిన మాటలకు ఇంత ప్రచారం ఉన్నది గాని, చెప్పిన మనిషిని ఆయన కాలంవారు ఎట్లా చూచినారు, ఎట్లా శోధించినారు అన్న విషయంపై అంత ఆసక్తి కనబడదు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్రలో సగం శోధనల చరిత్రే. ఆయన కథలలో నమ్మినవారికంటె ముందు పరీక్షించినవారే ప్రవేశిస్తారు.

జననం పదునేడవ శతాబ్దపు తొలి భాగమని చెప్పుకొంటారు. సంవత్సరం విషయంలో చరిత్రకారులు ఒకరితో ఒకరు ఏకీభవించరు. పరిపూర్ణయాచార్యులు, ప్రకృతాంబ కన్నవారనీ, నేటి కర్ణాటకలో ఉన్న పాపఘ్ని మఠాధిపతి వీరభోజయాచార్యులు, ఆయన భార్య వీరపాపమాంబ పెంచినవారనీ సంప్రదాయం. మఠాధిపత్యం చేతికి అందివచ్చే వయస్సులో ఆ బాలుడు పెంపుడుతల్లి అనుమతి పుచ్చుకొని దేశాటనకు బయలుదేరినాడు. తిరిగి తిరిగి ఒకనాటి రాత్రి బనగానపల్లెలో ఒక ఇంటి అరుగుమీద నిద్రించినాడు. ఆ ఇల్లు గరిమిరెడ్డి అచ్చమ్మది. తెల్లవారి ఆమె ఎవరు నీవని అడిగినది, బ్రతుకుతెరువు కోసం వచ్చినానన్నాడు, ఆవులను కాయమన్నది. ఆ కాలపు సంపన్న గృహిణి దిక్కులేని కుర్రవానికి ఇంతకంటె ఏమి ఇవ్వగలదు?

ఊరికి దాపుననే రవ్వలకొండ ఉన్నది. ఆవులచుట్టూ నేలమీద ఒక గీత గీసి, అవి దానిని దాటకుండ మేయుచుండగా తాను గుహలో కూర్చుండి తాటాకులమీద ముల్లుతో వ్రాసుకొనేవాడట. మొదటి పరీక్ష ఇక్కడ జరిగినది. పశువులను గాలికి వదలి గోపాలకుడు గుహలో కాలక్షేపం చేస్తున్నాడని ఎవరో చెప్పగా అచ్చమ్మ చాటుగా వెళ్ళి చూచినది. ఆమె వెళ్ళినది తప్పు పట్టుకొనడానికి. తిరిగి వచ్చినది శిష్యురాలై. ఈ కథలో గమనింపదగినది ఆమె మనస్సు. పరాయివాని మాట విని పనివానిని వెళ్ళగొట్టక, స్వయంగా చూచి నిర్ణయించుకొన్నది. తర్వాత చూపులేని తన కుమారుడు బ్రహ్మానందరెడ్డిని ఆయన ముందు నిలిపినది. స్వామి అతనికి పూర్వజన్మ వృత్తాంతం చెప్పి చూపు ప్రసాదించినాడని ప్రసిద్ధి. ఆ కుర్రవాని కంటికి ఏమి జబ్బు, పుట్టుకతో వచ్చినదా, నడుమ వచ్చినదా అన్న ప్రశ్నలకు కథ సమాధానం చెప్పదు. చెప్పవలసిన అవసరం ఆ కథ చెప్పేవారికి లేదు. బిడ్డ చూపు కోరిన తల్లి కూడ వైద్యుని వివరణ అడగదు.

కీర్తి పెరిగేసరికి అధికారి కన్ను పడినది. బనగానపల్లె నవాబు ఆయనను పిలిపించి, గుడ్డ కప్పిన పళ్ళెంలో మాంసం పెట్టించినాడనీ, గుడ్డ తీసేసరికి అందులో పూలున్నాయనీ చెప్పుతారు. నవాబు సిగ్గుపడి మఠానికి భూమి ఇచ్చినాడట. పరీక్షలో మోసం దాచినవాడు పరీక్షకుడు. మూత క్రింద ఉన్నది తెలుసుకొనవలసినవాడు అభ్యర్థి. 1930ల నాటికి అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయపు జె.బి. రైన్ చేసిన ప్రయోగాలు ఈ మూలసూత్రంమీదనే నడచినవి. ఐదు గుర్తులు, గుర్తుకు ఐదు వంతున ఇరువదియైదు చీట్లు. కనబడని చీటీమీది గుర్తు చెప్పమంటారు. ఊహకు చెప్పినా సగటున ఐదు ఒప్పు అవుతవి. అంతకు మించినది ఎంత, ఎన్నిసార్లు అన్నదే విచారణ. అటువంటి విచారణకు 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రత్యేక శాఖ కూడ వెలసినది. నవాబు మాత్రం ఒక్కసారికే తృప్తి పడినాడు. రెండవ పళ్ళెం తెప్పించిన జాడ లేదు.

బనగానపల్లె నుండి కోవెలకుంట్ల, ఆళ్లగడ్డల ప్రాంతం దాటి దక్షిణానికి పోతే కందిమల్లాయపల్లె. స్వామి అక్కడ కులవృత్తియైన వడ్రంగంతో జీవించినాడు. పెదకొమెర్ల శివకోటయాచార్యుల కుమార్తె గోవిందమ్మను వివాహమాడి, బిడ్డలను కని, గృహస్థుగానే ఉండినాడు. నేడు ఆళ్లగడ్డలో ఉలిచప్పుడు వినబడే శిల్పుల వీధులలో ఆయన తమవాడన్న గర్వం ఉన్నదంటే అందుకు కారణం ఆయన మహిమలు మాత్రమే కావు. చేతిపని చేసుకొనేవాడు జగద్గురువు కాగలడన్న ధైర్యం. పోలేరమ్మ జాతరకు చందా అడగవచ్చిన గ్రామపెద్దలతో ఆయన వాదించలేదు. చుట్ట ముట్టించుకొనడానికి నిప్పు తెమ్మని అమ్మవారినే పిలిచినాడట. ఆమె తెచ్చి ఇచ్చినదట. ఇంతటి హాస్యం మన సాధుచరిత్రలలో అరుదు.

దూదేకుల కులంలో పుట్టిన ముడుమాల యువకుడు సిద్దయ్య శిష్యుడైన తర్వాత కథ బరువెక్కుతుంది. తల్లిదండ్రులు కడప నవాబుతో మొరపెట్టుకొన్నారు. నవాబు సిద్దయ్యను నిలదీయగా అతడు గురువును తలచి ఒక బండకు నమస్కరించినాడు, బండ పగిలినది. తర్వాత గురువునే పిలిపించి, చూలుతో ఉన్న గుర్రం కడుపులోని పిల్ల ఎట్టిదో చెప్పుమన్నాడు. మగపిల్ల, నాలుగు కాళ్ళు తెలుపు, నుదుట చుక్క అని స్వామి చెప్పినట్లును, అది అట్లే తేలినట్లును కథ. నీటితో దీపం వెలిగించుట కూడ ఆ సభలోనే జరిగినదంటారు. ఇక్కడ చరిత్ర ఒక చిక్కు పెట్టుతుంది. స్వామి సజీవసమాధి 1693లో జరిగినదని మఠ సంప్రదాయం. కడపలో మయానా పఠాను నవాబుల పాలన స్థిరపడినది పదునెనిమిదవ శతాబ్దపు తొలి దశకాలలో. అంతకుముందు ఆ సీమ గోలకొండ సుల్తానుల అధికారులది. 1687లో గోలకొండ కూలినపిమ్మట మొగలుల అధికారులది. ఎవరో ఒక అధికారి ముందు జరిగిన విచారణను తర్వాతి తరాలవారు తమకు తెలిసిన నవాబు దర్బారుకు మార్చుకొని ఉండవచ్చు. కథకు సాక్ష్యం చెప్పినవాడు లేడు. అయినా ఒక ముసల్మాను బిడ్డ విశ్వబ్రాహ్మణుని పాదాలు పట్టినందుకు రెండు సంఘాలలోనూ గుసగుసలు పుట్టి ఉంటాయన్నది నమ్మడానికి ఏ మహిమా అక్కరలేదు.

అందరిలోకి కఠోరమైన పరీక్షకుడు నవాబు కాదు, కక్కయ్య. మాదిగవాడు. దేహంలో షట్చక్రాలున్నవనీ, వాటిలో దేవతలున్నారనీ స్వామి సిద్దయ్యకు బోధిస్తుండగా చాటునుండి విన్నాడు. ఇంటికి పోయి నిద్రిస్తున్న భార్యను కోసి చూచినాడు. నెత్తురే తప్ప దేవతలు కనబడలేదు. మోసపోతినని ఏడుస్తూ స్వామిని నిందించబోయినాడు. స్వామి వచ్చి ఆ దేవతలను అతనికి చూపి, ఆమెను బ్రతికించినాడని కథ ముగుస్తుంది. కక్కయ్య శిష్యులలో చేరుతాడు. భక్తులు దీనిని గురుమహిమగా పాడుకొంటారు. కాని కథలో ఒక చల్లని భయం ఉన్నది. విన్నమాటను అక్షరాలా సత్యమని పట్టుకొన్నవాని చేతిలో కత్తి ఉన్నది. ఆ కత్తి క్రింద పడినది ప్రశ్న అడిగినవాడు కాదు, నిద్రిస్తున్న ఇల్లాలు. లేచి కూర్చుండిన తర్వాత ఆమె ఏమనుకొన్నదో ఏ కథకుడూ అడుగలేదు.

ఆయన పోయిన తర్వాత పరీక్ష కాలజ్ఞానానికి మారినది. ఒక వితంతువు పదునారేండ్లు ఏలునన్న మాటను ఇందిరాగాంధీ 1966–77, 1980–84 పాలనకు అన్వయించి లెక్కపెట్టినారు. తెరమీది బొమ్మలు రాజ్యమేలునన్న మాటను 1983లో ముఖ్యమంత్రి అయిన నందమూరి తారకరామారావుకు అన్వయించినారు; ఆయనే 1984లో వెండితెరమీద వీరబ్రహ్మేంద్రస్వామి వేషం ధరించినాడు. 2020లో కరోనా వ్యాపించినప్పుడు తూర్పునుండి వచ్చే కోరంకి జబ్బు మాట ఇంటింటా తిరిగినది. ఏ జోస్యమైనా పరీక్షకు నిలువవలెనంటే అది సంఘటనకు ముందే వ్రాయబడినదని తేదీతో సహా తేలవలెను. తెలుగుదేశంలో నోటనోట పాడబడి, చేతివ్రాతలలో మారి, అచ్చు తర్వాత అచ్చులో పెరుగుతూ వచ్చిన కాలజ్ఞానానికి ఆ తేదీ లేదు. తూర్పు, జబ్బు, మరణం అన్న మూడు మాటలు ఏ శతాబ్దపు మహమ్మారికైనా సరిపోతవి. యాగంటి బసవన్న పెరుగుతున్నాడనీ, కలియుగాంతాన లేచి రంకె వేస్తాడనీ ఉన్న మాట ఒక్కటే కొలబద్ద పెట్టదగినది. బనగానపల్లెకు దగ్గరలోనే ఆ నంది ఉన్నది. శిలను ఏటేట కొలిచి వ్రాసిపెట్టడానికి మంత్రం అక్కరలేదు, ఓపిక కావలెను.

ఒక్క సాక్ష్యం మాత్రం ఉన్నదని బనగానపల్లెవారు నమ్ముతారు. స్వామి స్వహస్తంతో వ్రాసిన ఆకులను అచ్చమ్మ ఇంటనే పాతిపెట్టి పైన చింతచెట్టు నాటినారట. అదే చింతమాను మఠం. ఆ ఆకులు నిజంగా ఉండి, చదువరాని స్థితికి రాక మిగిలి ఉంటే, ఏ మాట ఆయనది, ఏ మాట తర్వాతివారిది అన్నది తేలిపోతుంది. కాని రేనాటి నేలలో తాటాకు మూడువందల ఏండ్లు నిలుచుట కష్టం. ఆ వేళ్ళను కదిలించడానికి సాహసించుట అంతకంటె కష్టం.

వైశాఖ శుద్ధ దశమినాడు సమాధిలో ప్రవేశించేముందు స్వామి సిద్దయ్యను పూలకోసం బనగానపల్లెకు పంపినాడు. దగ్గర ఉంటే విడువడని తెలిసి పంపినాడంటారు. సిద్దయ్య పూలబుట్టతో తిరిగి వచ్చేసరికి బండ మూసి ఉన్నది. అతడు తల మోదుకొని ఏడ్చినాడు. లోపలినుండి గురువు పలికి, బండ తొలగించుకొని, తన పాదుకలు, దండం, ఉంగరం అతనికి ఇచ్చినాడని మఠంలో నేటికీ చెప్పుతారు. వాటిని తీసుకొని సిద్దయ్య ముడుమాలకు నడిచిపోయినాడు. అతని సమాధి అక్కడనే ఉన్నది.