కర్నూలు బస్సు, సంజీవరెడ్డి కుర్చీ

మా ఇంట్లో కారు లేదు. ఇది చదివేటోళ్లలో శానా మందికి ఉండదు. మనకు కారన్నా, రైలన్నా, ఏదైనా ఆర్టీసీ బస్సే. ఆసుపత్రికి పోవాలన్నా, సంతకు పోవాలన్నా, కాలేజీకి పోవాలన్నా రోడ్డు మీదికొచ్చి నిలబడాల్సిందే. ఎర్రబస్సెక్కి వచ్చినోడు అని టౌనోళ్లు ఎగతాళి చేస్తారు గదా, ఆ ఎర్రబస్సోళ్లం మనమే.

ఆ బస్సు కాడ మన రాష్ట్రంలో ఒక ముఖ్యమంత్రి కుర్చీ దిగిపోయినాడని ఎంతమందికి తెలుసు? అది గూడా యాడో కోస్తాలో గాదు, మన కర్నూలు జిల్లా రూట్ల కాడ. ఆయన పేరు నీలం సంజీవరెడ్డి. రాష్ట్రపతి అయినాడని మన పిల్లోళ్లకు జీకే బుక్కుల్లో చెప్తారు. శ్రీశైలం డ్యాం నీళ్లకు ఆయన పేరు పెట్టినారనీ తెలుసు. బస్సు కథ మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే నేను చెప్తాండా.

ఇల్లూరు నుంచి జైలు దాకా

సంజీవరెడ్డి 1913 మే 19న అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టినాడు. సేద్యం చేసే కుటుంబం. మద్రాసు అడయార్‌లో దివ్యజ్ఞాన సమాజం హైస్కూల్లో చదివి, అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో చేరినాడు. 1929లో గాంధీ అనంతపురం వచ్చిపోయినంక ఈయన మనసు చదువు మీద నిలబడలేదు. 1931లో కాలేజీ ఇడిసిపెట్టి ఉద్యమంలోకి దిగినాడు.

పాతికేళ్లకే, 1938లో, ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు కమిటీకి కార్యదర్శి అయినాడు. పదేళ్లు ఆ పని చేసినాడు. 1940 నుంచి 1945 దాకా ఎక్కువ కాలం జైల్లోనే గడిచింది. అమరావతి జైల్లో ప్రకాశం పంతులు, కామరాజు, వి.వి. గిరి ఈయనతో పాటు ఉండినారు. ఆ గిరి పేరు గుర్తు పెట్టుకోండి, మళ్లా వస్తాది.

1946లో మద్రాసు శాసనసభకు పోయినాడు. రాజ్యాంగ సభలోనూ సభ్యుడే. 1949లో మద్రాసు రాష్ట్రంలో మంత్రి అయినాడు. అంతా గెలుపే అనుకోవద్దండి. 1952 ఎన్నికల్లో అనంతపురంలో ఓడిపోయినాడు. ఓడగొట్టింది ఎవరో కాదు, సొంత బావమరిది, కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి. ఇంట్లో చుట్టరికం, బయట పోటీ. మన సీమ రాజకీయం అప్పుడే అట్ల ఉండింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. శ్రీబాగ్ ఒప్పందంలో సీమకు ఇచ్చిన మాట ప్రకారం కర్నూలు రాజధాని అయింది. కట్టడాలు చాలక ఆఫీసులు గుడారాల్లో పెట్టుకున్నారు. బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని, ఆలూరు తాలూకాలు మన రాష్ట్రంలో కలిసింది గూడా ఆ రోజే. ప్రకాశం ముఖ్యమంత్రి, సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు రాజధాని హైదరాబాదుకు పోయింది. తొలి ముఖ్యమంత్రిగా సంజీవరెడ్డి గూడా ఆడికే పోయినాడు.

బస్సు ఎవరిది?

అప్పట్లో ఆంధ్ర జిల్లాల్లో బస్సులు ప్రైవేటోళ్లవి. తెలంగాణ పక్క కథ వేరే. నిజాం సర్కారు 1932లోనే 27 బస్సులతో, 166 మంది పనోళ్లతో సొంత రోడ్డు రవాణా మొదలుపెట్టింది. మన పక్క మాత్రం రూటుకు పర్మిట్ ఎవరి చేతిలో ఉంటే ఆ రూటుకు వాళ్లే రాజులు. నాలుగు దుడ్లు వచ్చే రూటు మీద అందరికీ ఆశే. రాళ్ల దారిలో మూలనున్న పల్లెకు ఎవడు నడుపుతాడు?

ఇంకో సంగతుండాది. బస్సు ఓనరంటే ఊర్లో పెద్ద మనిషి. చేతిలో రొక్కముంటాది, పనోళ్లుంటారు, ఎలక్షన్లొస్తే బండ్లుంటాయి. బస్సుల యాపారమూ రాజకీయమూ ఒకే ఇంట్లో కాపరం చేసేటివి. ఈ మాట అర్థమైతేనే తర్వాత జరిగింది అర్థమైతాది.

సంజీవరెడ్డి సర్కారులోనే 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ పుట్టింది. హైదరాబాదు పక్క ఉన్న సర్కారు బస్సులన్నీ దాని కిందికి వచ్చినాయి. ఆమీద కోస్తా రూట్లు తీసుకోవాలని పెట్టుకున్నారు. మొదట కృష్ణా జిల్లా.

పద్ధతి ఎట్లుండిందంటే, ఫలానా రూట్లు మేం నడుపుతామని కార్పొరేషను ఒక స్కీము అచ్చేయాల. ఓనర్లు అభ్యంతరాలు చెప్పుకోవచ్చు. సర్కారు వాళ్ల మాట ఇని, అప్పుడు స్కీముకు ఒప్పుకోవాల. అది అయినంకనే ప్రైవేటు పర్మిట్లు పోతాయి. కాగితం మీద న్యాయంగానే ఉండాది. అయితే కార్పొరేషను సర్కారుదే, తీర్పు చెప్పేది గూడా సర్కారే. ఇంక ఓనరు మాట ఎవరు ఇంటారు?

కృష్ణా జిల్లా ఓనర్లు సుప్రీంకోర్టు దాకా పోయినారు. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసు అంటారు. లా చదివే పిల్లోళ్లకు ఇప్పటికీ అది పాఠమే. ఓనర్ల మాటలు ఇన్నది సెక్రటరీ, నిర్ణయం చేసింది ముఖ్యమంత్రి. ఇన్నోడు ఒకడు, తేల్చినోడు ఇంకొకడు అయితే అది ఇన్నట్టు ఎట్లయితాదని కోర్టు ఆ స్కీమును కొట్టేసింది. సంజీవరెడ్డి ఎనక్కి తగ్గలేదు. ఈసారి తానే కూచోని ఓనర్ల మాటలు ఇన్నాడు, ఇని స్కీముకు ఒప్పుకున్నాడు. ఓనర్లు మళ్లా కోర్టుకు పోయినారు. 1959లో ఈసారి సర్కారే గెలిచింది. కృష్ణా రోడ్ల మీద ఆర్టీసీ బస్సు నిలబడింది.

ఇక్కడిదాకా నేను సంజీవరెడ్డికి దండం పెడతా. బలిసిన ఓనర్లతో కొట్లాడి, కోర్టు తప్పు చూపిస్తే దిద్దుకోని, బస్సును జనం ఆస్తి చేసినాడు.

డోన్ ఎమ్మెల్యే, కర్నూలు రూట్లు

1960లో ఆయన కాంగ్రెసుకు జాతీయ అధ్యక్షుడై ఢిల్లీ పోయినాడు. ఆ కుర్చీలో మన కర్నూలు పక్క పెదపాడు దళిత బిడ్డ దామోదరం సంజీవయ్య కూచున్నాడు. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి. రెండేళ్లకు, 1962 ఎన్నికలైనంక, కుర్చీలు తారుమారు అయినాయి. సంజీవయ్య కాంగ్రెసు అధ్యక్షుడు, సంజీవరెడ్డి మళ్లా ముఖ్యమంత్రి. ఈసారి ఆయన గెలిచింది మన డోన్ నుంచి.

ఇంక మన కథ. ఏ జిల్లా రూట్లు ముందు తీసుకోవాల, ఏవి ఎనక అని ఒక నిపుణుల కమిటీ అప్పటికే వరస చెప్పింది. సంజీవరెడ్డి రెండోసారి వచ్చినంక ఆ వరస మారి కర్నూలు ముందుకొచ్చింది. అది గూడా జిల్లా అంతా గాదు, పడమటి భాగం.

ఓనర్లు మళ్లా సుప్రీంకోర్టు మెట్లెక్కినారు. వాళ్లు ప్రమాణం చేసి చెప్పింది ఏమంటే, 1962 ఎన్నికల్లో ముఖ్యమంత్రికి ఎదురు పని చేసినోళ్ల బస్సులు పడమట తిరుగుతాండాయి, ఆయనకు కావాల్సినోళ్లవి తూర్పున తిరుగుతాండాయి, అందుకే పడమట మీద పడినారు, ఇది జనం కోసరం గాదు కక్ష కోసరం అని.

కోర్టు ఏం చేసిందో జాగ్రత్తగా చూడండి. బస్సులు సర్కారు తీసుకోవడం తప్పు అనలేదు. ముఖ్యమంత్రి మీద ఇంత పెద్ద మాట ప్రమాణం చేసి అంటే, కాదు అని చెప్పాల్సింది ఆయనే గదా అన్నది. ఆయన అఫిడవిట్ ఏయలేదు. ఆయన మనసులో ఏముండిందో వేరేవాళ్లు చెప్తే చెల్లదు. జవాబు రాలేదు కాబట్టి ఆరోపణ నిలబడిందని స్కీములు కొట్టేసింది. ఇది 1964 మొదట్లో.

ఆ ఫిబ్రవరిలోనే సంజీవరెడ్డి రాజీనామా చేసినాడు. దిగిపో అని కోర్టు చెప్పలేదు. పదవి పట్టుకోని వేలాడాలంటే దారులు ఉండినాయి. తన మీద కోర్టు అట్లాంటి మాట అన్నంక ఆ కుర్చీలో కూచోకూడదని ఆయనే దిగినాడు. కాసు బ్రహ్మానందరెడ్డి వచ్చినాడు.

ఓడిన చోటే గెలిచినాడు

అదే సంవత్సరం శాస్త్రి ఆయన్ను కేంద్రంలో ఉక్కు, గనుల మంత్రిని చేసినాడు. 1966లో ఇందిరా గాంధీ ఇచ్చిన శాఖ ఏమిటో తెలుసునా? రవాణా! బస్సు కాడ కుర్చీ పోగొట్టుకున్న మనిషికి దేశం రవాణా అంతా చేతికిచ్చినారు.

1967లో హిందూపురం నుంచి గెలిచి లోక్‌సభ స్పీకరయినాడు. 1969లో కాంగ్రెసు అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి నిలబడితే, ఆత్మప్రబోధం పేరుతో సొంత పార్టీ వోట్లే చీలిపోయి వి.వి. గిరి గెలిచినాడు. అమరావతి జైల్లో పక్కన ఉండిన గిరే. సంజీవరెడ్డి ఊరికొచ్చి సేద్యం చూసుకున్నాడు.

1975లో మళ్లా రాజకీయాల్లోకి వచ్చినాడు. 1977లో జనతా పార్టీ తరఫున నంద్యాలలో నిలబడినాడు. రాష్ట్రంలో 42 సీట్లుంటే 41 కాంగ్రెసుకు పోయినాయి. మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల. అంటే అప్పటి కర్నూలు జిల్లానే. ఏ జిల్లా రూట్ల కాడ పదవి పోయిందో, ఆ జిల్లా జనమే పదమూడేళ్లకు ఆయన్ను పైకి లేపినారు. ఆ జులై 25న పోటీ లేకుండా రాష్ట్రపతి అయినాడు. ఐదేళ్లు చేసి, 1982లో దిగి, 1996 జూన్ 1న బెంగళూరులో పోయినాడు.

మనకేం పని ఈ కథతో?

శానా పనుండాది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బస్సు యాడికి పోవాలో తేల్చడం అప్పుడూ అధికారమే, ఇప్పుడూ అధికారమే. రాయచోటికీ, పులివెందులకూ, ఆత్మకూరుకూ ఈ రోజుకీ రైలు లేదు. ఆ ఊర్లకే అట్లుంటే, వాటి చుట్టూ ఉన్న పల్లెల సంగతి చెప్పనక్కరలేదు. కోసిగి పక్క నుంచి మిరపకాయలు కోయను గుంటూరుకు పోయే కుటుంబానికి మొదటి అడుగు బస్సే. పది పాసైన పాప ఇంటర్‌కు టౌనుకు పోతాదా, ఇంట్లో కూచుంటాదా అనేది సాయంత్రం తిరిగొచ్చే బస్సును బట్టి ఉంటాది.

2020 జనవరి 1న ఆర్టీసీ పనోళ్లంతా సర్కారు ఉద్యోగులయినారు. 2025 ఆగస్టు 15 నుంచి మన ఆడోళ్లకు పల్లెవెలుగులో టికెట్ లేదు. మంచిదే. మా అమ్మ ఇప్పుడు దుడ్లు లెక్కబెట్టుకోకుండా ఆసుపత్రికి పోతాంది. అయితే బస్సు వచ్చే ఊరోళ్లకే గదా ఉచితం? బస్సే రాని ఊర్లో ఆడమనిషికి షేర్ ఆటో డబ్బులు తప్పలేదు.

కాబట్టి నేననేది రెండు మాటలు. ఒకటి, బస్సు సర్కారు చేతిలో ఉండాల్సిందే. లాభం చూసేటోడు మూలపల్లెకు రాడు. సంజీవరెడ్డి మొదలుపెట్టింది ఆ లెక్కన సరైన పని. రెండు, సర్కారు చేతిలో ఉన్నంత మాత్రాన న్యాయం దానంతట అది రాదు. ఏ ఊరికి ఎందుకు ఏసినారు, ఏ ఊరికి ఎందుకు తీసేసినారు అని అడిగితే జవాబు ఉండాల. వోటు చూసి రూటు ఏయకూడదు. 1964లో కోర్టు అడిగింది ఆ జవాబే. అంత పెద్ద మనిషి జవాబు ఇవ్వక కుర్చీ దిగినాడు.

ఇంక అడగాల్సింది మనమే. మీ ఊరికి బస్సు ఆగిపోయి ఉంటే, రోజుకు ఎంతమంది పోతారో, ఏ టైంకు పోతారో పేర్లతో రాయండి. గ్రామసభలో తీర్మానం పెట్టించండి. డిపో మేనేజరుకు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద కారణం అడగండి. పోన్లో స్టేటస్ పెడితే లైకులొస్తాయి గానీ బస్సు రాదు. కాగితం పెడితే ఎవరో ఒకరు సంతకం పెట్టి జవాబు చెప్పాల్సి వస్తాది.