తెలుగు నేర్చి తెలుగును కాపాడిన బ్రౌను దొర

చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798వ సంవత్సరమున కలకత్తా నగరమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు, బహుభాషావేత్త. తెలుగు వారి ఇంటి భాష కాదు. 1817లో కుంపిణీ కొలువునకై మదరాసు చేరిన పిదపనే బ్రౌను తెలుగు అక్షరములు దిద్దెను. 1820లో కడపకు ఉద్యోగిగా వెళ్లెను.

కచేరీ పనికి చాలినంత తెలుగు వచ్చినచో తక్కిన దొరలు తృప్తిపడుచుండిరి. బ్రౌను అక్కడ ఆగలేదు. 1824లో మచిలీపట్టణమున నుండగా, డుబోయి అను ఫ్రెంచి మతగురువు గ్రంథములో వేమన ప్రస్తావన ఆయన కంటబడెను. పండితులు వేమనను పామరుల కవియని చిన్నచూపు చూచుచుండిరి. తెలుగు కవిని పరదేశి గ్రంథము చూపవలసి వచ్చుట ఎంత విచిత్రము! బ్రౌను ఊరూర తాటాకు ప్రతులు తెప్పించి, 693 పద్యములను ఆంగ్లానువాదముతో 1829లో అచ్చొత్తించెను.

ఆ దినములలో మన కావ్యములు చాలవరకు తాటాకులపైననే యుండెను. కొన్ని చెదల పాలయ్యెను. కొన్ని లేఖకుల తప్పులతో చెడియుండెను. బ్రౌను కడపలో ఒక బంగళాను తోటతో సహా కొని, అచట పండితులను, లేఖకులను నియమించెను. జనులు దానిని బ్రౌను కాలేజి యనిరి. ఒక్కొక్క కావ్యమునకు దొరికినన్ని ప్రతులు చేర్చి, పాఠభేదములు గుర్తించి, శుద్ధప్రతి వ్రాయించి, వ్యాఖ్య చేయించుట అచటి పని. జూలూరి అప్పయ్య పంతులు ఆ పండితులలో ముఖ్యుడు. జీతములన్నియు బ్రౌను సొంత ధనమే. అది చాలక అప్పులును చేసెను.

1834లో ఆయన కొలువు పోయెను. ఇంగ్లండు వెళ్లియు ఊరకుండలేదు. లండనులో కుంపిణీ గ్రంథాలయమున మూలపడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను గుర్తించి మదరాసునకు పంపించెను. 1838 నాటికి తిరిగి వచ్చి కొలువులో చేరెను. సేకరించిన ప్రతులను తనవద్ద దాచుకొనక మదరాసులోని సాహిత్య సంఘమునకు ఇచ్చివేసెను.

1852లో ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. కావ్యభాషతో పాటు రైతుల మాటలకును, ఇల్లాండ్ర మాటలకును అందు చోటు దొరకెను.

1855లో కొలువు విడిచి లండను చేరిన బ్రౌను, వృద్ధాప్యమున అచటి విశ్వవిద్యాలయమున తెలుగు బోధించెను. 1884లో పరమపదించెను. 1903లో ఆయన నిఘంటువును సంస్కరించి మరల ముద్రించినప్పుడు, ఆ సంస్కర్తలలో కందుకూరి వీరేశలింగము పంతులుగారొకరు. కడపలో ఆ బంగళా శిథిలమైన చోటనే బ్రౌను పేరిట గ్రంథాలయము, భాషాపరిశోధన కేంద్రము వెలసెను.