నీళ్లకు దారి వెతికిన ఇంజనీరు డాక్టర్ కె.ఎల్. రావు

ఈ నెల గోడపత్రికలో గొప్పవారి జీవితం రాయడం నా వంతు. నేను డాక్టర్ కె.ఎల్. రావు గారిని ఎంచుకున్నాను. ఎందుకంటే మా దాదా, అంటే మా నాయన వాళ్ల నాయన, చిన్నప్పుడు వాళ్ల యాడి వెంట నాగార్జునసాగర్ కట్టే కాడికి పోయిండు. ఆమె అక్కడ రాళ్లు మోసింది. ఆ డ్యాం ఎట్ల కట్టాలని లెక్కలు వేసిన పెద్దల్లో రావు గారు ముఖ్యులు.

కానూరి లక్ష్మణరావు గారు 1902వ సంవత్సరం జూలై 15వ తేదీన కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించారు. తండ్రి గారు ఊరి కరణం. రావు గారికి 9 ఏండ్లప్పుడు ఆయన చనిపోయారు. ఆ తర్వాత బడిలో ఆడుకుంటుండగా దెబ్బ తగిలి రావు గారికి ఒక కంటి చూపు పోయింది. మన హాస్టల్లో నాయన లేని పిల్లలు ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. వాళ్లు ఈ రెండు మాటలు ఇంకోసారి చదవండి.

ఆయన మద్రాసులో ఇంటర్ చదివి, గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఇంజనీరయ్యారు. అక్కడితో ఆగలేదు. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగులో మాస్టర్ డిగ్రీ పొందిన మొట్టమొదటి విద్యార్థి ఆయనే. ముందు నడిచిన సీనియర్ లేడు, అడగడానికి పాత నోట్సు లేవు. మా ఇంట్లో 9వ తరగతి దాకా వచ్చింది నేనే మొదటిదాన్ని కాబట్టి ఆ కష్టం నాకు కొంచెం తెలుసు.

ఆయన రంగూన్‌లోను, ఇంగ్లండులోను ఇంజనీరింగ్ పాఠాలు చెప్పారు. 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుండి పి.హెచ్.డి. పొందారు. ఇనుప చువ్వలు వేసి పోసే కాంక్రీటు మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు. మన దేశానికి తిరిగి వచ్చి, 1950లో ఢిల్లీలోని కేంద్ర జల విద్యుత్ కమిషన్‌లో డిజైన్ల డైరెక్టరు అయ్యారు.

సాగర్ డ్యాంకు 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. అప్పుడు దేశంలో సిమెంటు కొరత, పెద్ద యంత్రాలు తక్కువ. మన దగ్గర ఉన్నవి రాయి, మనుషుల చేతులు. అందుకే దాన్ని రాతికట్టడంగా కట్టారు. సుమారు 124 మీటర్ల ఎత్తు, 26 గేట్లు. వేలమంది కూలీలు రాళ్లు మోస్తూ పైకెక్కారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలారు. అప్పటికి రావు గారు కేంద్రంలో నీటిపారుదల మంత్రి. 1963లో మంత్రి అయ్యారు, అదే ఏడు పద్మభూషణ్ వచ్చింది. విజయవాడ నుండి మూడుసార్లు పార్లమెంటుకు గెలిచారు. గంగను కావేరితో కలపాలని కూడా ఆలోచన చేశారు. 1986 మే 18న కన్నుమూశారు. పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరు పెట్టారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పారింది. దేవరకొండ దిక్కు మా తండా ఎత్తు మీద ఉంది. నీళ్లు పల్లానికే పోతాయి. రాళ్లు మోసిన ఆమె చేను ఇప్పటికీ వాననే నమ్ముకున్నది. డ్యాం కింద మునిగిన ఊళ్ల వాళ్లు వేరే చోట్లకు పోయి బతికారు. రావు గారు గొప్పవారు కారని నేను అనడం లేదు. ఒక ప్రశ్నకు జవాబు దొరికితే దాని వెనక ఇంకో ప్రశ్న నిలబడి ఉంటుందని అంటున్నాను.

ఆ రెండో ప్రశ్న మెకానికల్ ఇంజనీర్లది. నీళ్లను ఎత్తుకు ఎట్ల ఎక్కించాలి? పుట్టంగండి దగ్గర పెద్ద పంపులు సాగర్ నీళ్లను పైకి ఎత్తి అక్కంపల్లి చెరువులో పోస్తాయి. హైదరాబాదు తాగే కృష్ణా నీళ్లు అక్కడి నుంచే పోతాయి. పంపుకు కరెంటు ఖర్చు ఎక్కువ. అందుకని శ్రీశైలం నీళ్లు వాటంతట అవే పారి రావాలని సుమారు 44 కిలోమీటర్ల సొరంగం తలపెట్టారు. 2025 ఫిబ్రవరి 22న పాత మహబూబ్‌నగర్ జిల్లా దోమలపెంట వైపు అది లోపల కూలింది. 8 మంది చిక్కుకుపోయి ప్రాణాలతో బయటికి రాలేదు. నీళ్లు ఊరే పగుళ్ల రాతిలో యంత్రంతో క్షేమంగా ఎట్ల తొలవాలి? ఇది ఇంకా చదవాల్సిన పాఠం.

ఇట్లాంటి పాఠం చదవడానికి ఒక చదువుంది. బి.టెక్. మెకానికల్ అయ్యాక గేట్ పరీక్ష రాసి, రీసెర్చ్ మీద చేసే ఎం.ఎస్.లో చేరవచ్చు. మద్రాసు ఐ.ఐ.టి.లో ఉంది. నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. అందులో క్లాసులు కొన్నే. ఎవరూ తేల్చని ఒక ప్రశ్న పట్టుకుని, కొలిచి, తప్పు చేసి, మళ్లీ కొలిచి, చివరికి తెలిసింది పుస్తకంగా రాసి ఇయ్యాలి. బట్టీ పడితే అది రాదు.

నేను, మా రూములోని ఇద్దరు కలిసి చిన్నగా మొదలుపెట్టినం. హాస్టల్ బోరు మోటారు ట్యాంకు నింపడానికి ఎంతసేపు పడుతుందో రాసుకున్నం. జనవరిలో 50 నిమిషాలు. ఏప్రిల్‌లో గంటన్నర. నీళ్లు లోతుకు పోయి మోటారు ఎక్కువ ఎత్తు ఎక్కించాల్సి వచ్చిందా, బోరులో ఊట తగ్గిందా, మోటారే పాడైందా? మాకింకా తెలియదు. సైన్స్ సారు కూడా ముందే చెప్పలేదు, కనుక్కోమన్నారు.

సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు, పదో తరగతి కాగానే నా చదువు చాలని, పెండ్లి చేద్దామని మాట నడుస్తున్నది. నేను దాదాకు రావు గారి కథంతా చెప్పిన. ఆయన చానాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఆ పెద్ద చదువు చదివితే మన చేనుకు నీళ్లు వస్తయా అని అడిగిండు. వస్తయని అబద్ధం చెప్పలేదు. ఎట్ల వస్తయో వెతికే పని నేర్పుతరని చెప్పిన. తెల్లారి దాదా మా నాయనతో, పిల్లను ఇంటర్ దాకా కదిలియ్యొద్దన్నడు. నాయన ఇంకా సరే అనలేదు. వార్డెన్ మేడమ్ గారు పేరెంట్స్ మీటింగులో మా నాయనకు ఒక మాట చెప్పాలని ఈ గోడ మీదనే కోరుతున్నాను.

మిత్రులారా, మీ తండాలో జవాబు లేని ప్రశ్న ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకోండి, కొట్టెయ్యకండి. ఎవరైనా మోటారు లెక్కలో కలవాలంటే పొద్దున ఆరుకు ట్యాంకు దగ్గరికి రండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని