జీతగాడి లెక్క అడిగిన పాట: సుద్దాల హనుమంతు

నిజాం పాలనలో నల్లగొండ పల్లెల్ని వెట్టి పీల్చి పిప్పిచేసింది. కరపత్రం చదువుకుందామంటే కూలి జనానికి అక్షరం రాదు. అందుకే సుద్దాల హనుమంతు వాళ్ల చెవికి అలవాటైన బాణీనే పట్టాడు. జనం సంఘమని పిలుచుకున్న ఆంధ్రమహాసభలో చేరి, గొల్లసుద్దులు, బుర్రకథలు కట్టి దొరల దోపిడీని ఎండగట్టాడు. 1946-51 సాయుధ పోరాటంలో ఆ పాటలు జనాన్ని కూడగట్టాయి. దొర పసులు కాసే పసివాడికి జీతం కింద దక్కేది తాలు గింజలేనని తేల్చిన ఆయన పాట ‘మాభూమి’ సినిమాలోనూ మోగింది. 1982లో హనుమంతు కన్నుమూశాడు.

వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లోనే వచ్చింది. అయినా బాకీ పేర చాకిరీ, కూలిలో కోత పోలేదు. కాబట్టి పాటను వర్ధంతి సభకే అప్పజెప్పొద్దు. నాట్లకాడ, కూలిరేటు అడిగేకాడ పాడాలె. మన ఊరి లెక్కను మన బాణీలోనే కట్టాలె.