ఫైలు మూయని డాక్టరు – హార్వీ కుషింగ్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాయమని కార్యదర్శిగారు కోరగానే నాకు డాక్టర్ హార్వీ కుషింగ్ స్ఫురించారు. మన ఇళ్ళలో ఎవరికైనా తలలో గడ్డ అని తెలిస్తే, ఆపరేషన్ చేయించుకుని తిరిగి వస్తారన్న ఆశ నేడు ఉన్నది. ఆ ఆశకు పునాది వేసినవారిలో ఈ అమెరికా వైద్యుడు అగ్రగణ్యులు.

ఆయన 1869 ఏప్రిల్ 8న ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో పదవ సంతానంగా జన్మించారు. తండ్రి, తాత, ముత్తాత అందరూ వైద్యులే. యేల్‌లో పట్టా పొంది, 1895లో హార్వర్డ్‌లో వైద్యవిద్య ముగించారు. విద్యార్థిగా ఉండగా ఆయన ఈథర్ మత్తు ఇస్తున్నప్పుడు ఒక రోగి మరణించాడు. ఆ దెబ్బకు చదువు మానుదామనుకున్నారట. మానలేదు సరిగదా, సహపాఠి కాడ్‌మన్‌తో కలిసి, మత్తులో ఉన్న రోగి నాడిని, శ్వాసను ఎప్పటికప్పుడు కాగితంపై నమోదు చేసే పద్ధతి పెట్టారు. 1901లో ఇటలీలోని పావియాలో రివా-రొచ్చి తయారుచేసిన రక్తపోటు పరికరాన్ని చూసి దానిని అమెరికాకు తెచ్చారు. నెలనెలా చేతికి పట్టీ చుట్టించుకుని బి.పి. చూపించుకునే మనం ఈ సంగతి తెలుసుకోదగినది.

జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో హాల్‌స్టెడ్ వద్ద ఆయన శస్త్రచికిత్స నేర్చారు. ఆ రోజులలో పుర్రె తెరిస్తే రోగి బ్రతకడం అరుదు. రక్తస్రావం ఆగేది కాదు, మెదడు ఉబ్బేది. కుషింగ్ తొందరపడకుండా, గంటల తరబడి ఓర్పుతో ఒక్కొక్క రక్తనాళాన్ని అదుపు చేస్తూ పని చేసేవారు. 1911లో రక్తనాళాలను నొక్కిపట్టే చిన్న వెండి క్లిప్పులు ప్రవేశపెట్టారు. 1926లో బోవీ అనే శాస్త్రజ్ఞుని విద్యుత్ పరికరం వాడడం మొదలుపెట్టి, అంతకుముందు రక్తస్రావానికి భయపడి వదిలేసిన గడ్డలను కూడా తీయగలిగారు.

1910లో ఆయన జనరల్ లియొనార్డ్ వుడ్ తలలోని గడ్డను తొలగించారు. ఆ తరువాత వుడ్ అమెరికా సైన్యంలో అత్యున్నత పదవి నిర్వహించారు. గడ్డ మళ్ళీ పెరగగా 1927లో చేసిన ఆపరేషన్ తరువాత వుడ్ మరణించారు. గెలుపూ, ఓటమీ రెండూ ఆయన రికార్డులో ఉన్నాయి.

ముప్ఫై ఏళ్ళకు పైగా రికార్డులతో కాపురం చేసిన గుమాస్తాను గనుక, నాకు అన్నిటికంటె నచ్చినది ఆ రికార్డే. ప్రతి రోగికీ ఫొటోలు, స్వహస్తాలతో గీసిన బొమ్మలు, ఆపరేషన్ వివరాలు, తీసిన గడ్డ నమూనా భద్రపరిచేవారు. ఇంటికి వెళ్ళినవారిని ఏటేటా తమ క్షేమం తెలుపుతూ ఉత్తరం వ్రాయమనేవారు. మన ఆఫీసులలో ఉత్తర్వు వెళ్ళగానే ఫైలు మూసేవాళ్ళం, ఆ మనిషి తరువాత ఏమయ్యాడో చూసేవాళ్ళం కాదు. ఆయన ఫైలు మూయలేదు. ఏ గడ్డ ప్రమాదకరమో, ఏది తీస్తే రోగి ఏళ్ళ తరబడి బ్రతుకుతాడో ఆ కాగితాలే చెప్పాయి. 1926లో బెయిలీతో కలిసి చేసిన గ్లయోమా గడ్డల వర్గీకరణ అలా పుట్టినదే. 1931 నాటికి ఆయన ఆపరేషన్ చేసిన మెదడు గడ్డల సంఖ్య 2000కు చేరింది. పిట్యూటరీ గ్రంథిలోని చిన్న గడ్డ వల్ల ముఖం గుండ్రంగా ఉబ్బి, బి.పి. పెరిగే జబ్బును 1932లో వివరించారు. ఆ జబ్బుకు ఆయన పేరే ఉన్నది.

ఆయనలో లోపాలు లేకపోలేదు. సహాయకులపట్ల చాలా కఠినంగా ఉండేవారు. ఇంటిపట్టున ఉన్నది తక్కువ. 1926లో పెద్ద కుమారుడు కారు ప్రమాదంలో మరణించిన వార్త అందిన రోజున కూడా ఆపరేషన్ చేశారు. దీనిని మెచ్చుకోవాలో, ఆ తండ్రిని చూసి జాలిపడాలో నాకు ఇప్పటికీ తేలదు.

1932లో 63వ ఏట బోస్టన్ ఆసుపత్రి నుండి రిటైరైన తరువాత ఆయన ఖాళీగా కూర్చోలేదు. యేల్‌లో ఆచార్యులుగా చేరి, లూయీజ్ ఐజెన్‌హార్ట్ అనే వైద్యురాలితో కలిసి తన పాత రికార్డులన్నీ పరిశీలించి, 1938లో మెనింజియోమా గడ్డలపై పెద్ద గ్రంథం ప్రచురించారు. 1939 అక్టోబరు 7న గుండెజబ్బుతో కన్నుమూశారు. ఆయన భద్రపరచిన నమూనాలు చాలాకాలం యేల్‌లో ఒక నేలమాళిగలో దుమ్ముపట్టి ఉండి, 2010లో ప్రదర్శనశాలకు చేరాయి.

మన దేశంలో 1949లో వెల్లూరులో డాక్టర్ జాకబ్ చాందీ మెదడు శస్త్రచికిత్స విభాగం ప్రారంభించారు. మన తెలుగువారు ఎందరో అక్కడికి వెళ్ళి వస్తున్నారు.

పెన్షనరు మిత్రులకు రెండు మాటలు మనవి చేస్తాను. తలనొప్పితోపాటు వాంతులు, చూపు మందగించడం, ఒక వైపు కాలుచేతుల బలహీనత, కొత్తగా మూర్ఛ కనిపిస్తే వయసు మీద తోసేయకుండా వెంటనే డాక్టరుకు చూపించండి. స్కాన్ రిపోర్టులు, డిశ్చార్జి కాగితాలు తేదీలవారీగా ఒకే ఫైలులో పెట్టి, అది ఎక్కడున్నదో ఇంట్లో పిల్లలకు చెప్పండి. కాగితం విలువ మనకంటె బాగా ఎవరికి తెలుసు!