రాజుగారి తుపాకులు

శ్రీ అల్లూరి సీతారామరాజుగారిని తలచుకొనినంతనే మనవారి కన్నులకు విల్లంబులు తోచును. మేము మాత్రము ఆయన తుపాకుల కథ చెప్పదలచితిమి.

1897 జూలై 4వ తేదిన పాండ్రంగిలో జన్మించి, సన్యాసి వేషమున మన్యము చేరిన ఆ యువకుడు, రోడ్డుపనులలో గూడెము డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులను పెట్టిన బాధలు చూచి తిరుగుబాటునకు పూనుకొనిరి. ఆయుధము లెక్కడివి? 1878 నాటి ఆయుధ చట్టము ననుసరించి లైసెన్సు లేనిదే తుపాకి దక్కదు. పల్లె కొలిమిలో నాటు తుపాకి తయారు కావచ్చును గాని, తూటా పేలుడునకు తాళు ఉక్కు మరయు, దానికి సరిపడు తూటాయు తయారు కావు.

కావున శత్రువు కొట్టునే రాజుగారు తమ కొట్టుగా నెంచిరి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలపై బడి 26 తుపాకులను, 2,500కు పైగా తూటాలను గైకొనిరి. వీనిలో కృష్ణదేవిపేట నేటి అనకాపల్లి జిల్లాలోనిది. గైకొనిన వస్తువులకు ఠాణా పుస్తకములో పట్టిక వ్రాసి సంతకము చేసిరట! బందిపోటు రసీదిచ్చునా?

సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అను దొరలు కూలిరి. ప్రభుత్వము మేల్కొనెను. అక్టోబరు 15న అడ్డతీగల ఠాణాలో తుపాకి దొరకలేదు, ముందే దాచివేసిరి. పేలిన తూటా మరల రాదు గదా! డిసెంబరు 6న పెద్దగడ్డపాలెములో అనుచరులు పలువురు మడిసిరి.

1924 మే 7న పట్టుబడిన రాజుగారిని విచారణ లేకయే కొయ్యూరులో కాల్చిరి. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో నున్నది.