సగటుతో సరిపెట్టుకోని ప్రొఫెసర్: ప్రశాంత చంద్ర మహలనోబిస్



బడులు తెరిచారు. కొద్ది వారాల్లో మొదటి యూనిట్ టెస్ట్ మార్కులు మీ చేతికి వస్తాయి. మీ అమ్మాయి మార్కులు చూసిన వెంటనే మీకు వచ్చే సందేహం ఒకటుంది: క్లాసు సగటు ఎంత, పక్క సెక్షన్ సగటు ఎంత? ఇలాంటి పోలికను ఎంతవరకు నమ్మవచ్చో ఏళ్ల తరబడి ఆలోచించిన ఒక మహనీయుడి పుట్టినరోజు ఈ నెలలోనే. 2007 నుంచి మన దేశం జూన్ 29ని గణాంక దినోత్సవంగా జరుపుకొంటున్నది ఆయన గౌరవార్థమే. ఆయనే ప్రశాంత చంద్ర మహలనోబిస్.

ఆయన 1893లో కలకత్తాలో పుట్టారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ చదివి, 1913లో కేంబ్రిడ్జి చేరారు. గణిత మేధావి రామానుజన్‌తో అక్కడే స్నేహం కుదిరింది. చదువు పూర్తయి ఇంటికి బయలుదేరే సమయానికి మొదటి ప్రపంచ యుద్ధం వల్ల ప్రయాణం ఆలస్యమైంది. ఆ ఖాళీలో బయోమెట్రికా అనే పత్రిక సంపుటాలు ఆయన కంటబడ్డాయి. వాటిని కొనుక్కొని ఓడలో చదువుకుంటూ వచ్చారు. ఫిజిక్స్ పాఠాలు చెప్పడానికి కలకత్తా చేరిన యువకుడి మనసు అప్పటికే గణాంకాల వైపు మళ్లింది.

1920లో నాగపూర్ సైన్స్ కాంగ్రెస్‌లో జంతుశాస్త్రవేత్త నెల్సన్ ఆనండేల్ ఆయనకు కొన్ని కొలతలు అప్పగించారు. అవి కలకత్తాలోని ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలు. ఒక సమూహం మరో సమూహానికి ఎంత దగ్గర, ఎంత దూరం అన్నది ప్రశ్న. ఎత్తుల సగటులో తేడా తీసి ఊరుకోవచ్చు కదా అనిపిస్తుంది. అయితే ఒకే సమూహంలోని మనుషుల మధ్యే ఎత్తులో పెద్ద హెచ్చుతగ్గులుంటే, సగటుల మధ్య కనిపించే కాస్త తేడాకు విలువేముంది? పైగా ఎత్తుగా ఉన్నవారి చేతులూ సాధారణంగా పొడుగ్గానే ఉంటాయి. రెండింటినీ విడివిడిగా లెక్కిస్తే ఒకే తేడాను రెండుసార్లు లెక్కించినట్టే. ఈ రెండు చిక్కులనూ దాటే కొలతను రూపొందించి 1936లో ప్రచురించారు. మన హైటెక్ సిటీ ఆఫీసుల్లో డేటా సైన్స్ పని చేసే తల్లిదండ్రులకు మహలనోబిస్ దూరం పేరుతో పరిచయమైనది అదే.

1931లో, ప్రెసిడెన్సీ కాలేజీలోని చిన్న ప్రయోగశాల నుంచే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన ఒక తెలుగు యువకుడు 1941లో అందులో చేరారు. మన కొండాపూర్‌కు దగ్గర్లో, సెంట్రల్ యూనివర్సిటీ పరిసరాల్లో ఒక రోడ్డు, క్యాంపస్‌లో ఒక పరిశోధన సంస్థ ఆయన పేరుతోనే ఉన్నాయి. ఆయన సి.ఆర్. రావు. ఆయనను 1946లో కేంబ్రిడ్జి పంపింది మహలనోబిసే. సూడాన్ తవ్వకాల్లో దొరికిన పురాతన అస్థిపంజరాలను గురువుగారి పద్ధతితో పోల్చి చూడడం రావుగారికి అక్కడ అప్పగించిన పని.

బెంగాల్ జనపనార పంట సర్వేల్లో మహలనోబిస్ మరో జాగ్రత్త నేర్పారు. ఒకే ప్రాంతంలో రెండు బృందాలు విడివిడిగా నమూనాలు తీసుకొని కొలవాలి. రెండు బృందాల లెక్కల మధ్యే పెద్ద తేడా వస్తే, ఆ ప్రాంతాన్ని మరో ప్రాంతంతో పోల్చడానికి తొందరపడకూడదు. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వేకు రూపకర్త కూడా ఆయనే.

కుటుంబాల ఖర్చుల లెక్కలు రాసాగాక అసలు చిక్కు ఎదురైంది. రెండు సగటులను పోల్చే మామూలు పరీక్షకు కొన్ని షరతులున్నాయి. అంకెలు సగటుకు ఇరువైపులా సమానంగా, గంట ఆకారంలో పరుచుకొని ఉండాలి. రెండు గుంపుల్లోనూ హెచ్చుతగ్గులు ఇంచుమించు ఒకేలా ఉండాలి. ఒకరి అంకె మరొకరి అంకె మీద ఆధారపడకూడదు. ఇంటి ఖర్చులు ఈ షరతులకు లొంగవు. కొద్దిమంది సంపన్నులు చాలు, ఊరి సగటు పైకి లేస్తుంది. పేదవాడి కంచంలో మాత్రం మెతుకు పెరగదు.

దానికి ఆయన చూపిన దారి 1960లో అచ్చయింది. కుటుంబాలన్నిటినీ తక్కువ ఖర్చు నుంచి ఎక్కువ ఖర్చు వరకు వరుసగా నిలబెట్టాలి. సమాన సంఖ్య గల గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపు సగటును గ్రాఫు మీద గుర్తించి గీత గీయాలి. పోల్చవలసిన రెండో ప్రాంతానికీ అలాగే చేయాలి. విడివిడిగా తీసిన రెండు నమూనాల గీతల మధ్య ఎడం పొరపాటుకు ఎంత ఆస్కారముందో చెబుతుంది. ప్రాంతాల మధ్య ఎడం దానికన్నా స్పష్టంగా ఎక్కువైతేనే తేడా ఉందనుకోవాలి. అంకెలు గంట ఆకారంలో ఉండాలన్న షరతు ఇక్కడ లేదు.

దీన్ని మన తరగతికి అన్వయించి చూద్దాం. ఒక క్లాసును మార్కుల వరుసలో మూడు సమాన గుంపులు చేశామనుకోండి. మొదటి పరీక్షలో వాటి సగటులు 85, 70, 55. క్లాసు సగటు 70. రెండో పరీక్షలో 97, 70, 49. క్లాసు సగటు 72. అంకె పెరిగింది కనుక అందరం సంతోషిస్తాం. కానీ చివరి గుంపు 6 మార్కులు కిందికి జారింది. మీ బాబు ఆ గుంపులో ఉంటే, ఆ 72 మీకు చెప్పేదేమిటి?

అందుకే ఈసారి పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మూడు ప్రశ్నలు అడగండి. క్లాసులో మార్కులు ఎలా పరుచుకొని ఉన్నాయి? ఈ తేడా ఒక్క పరీక్షలోనే కనిపించిందా, మరో పరీక్షలోనూ నిలిచిందా? మా పిల్లవాడితో సమానంగా ఉన్న పిల్లలు ఎలా సాగుతున్నారు? సగటు కన్నా ఈ జవాబులే మీ బిడ్డకు పనికొస్తాయి.

మహలనోబిస్‌ను 1945లో రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నుకున్నారు. 1968లో పద్మవిభూషణ్ వరించింది. 79వ పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు, 1972 జూన్ 28న కన్నుమూశారు. ఆయన స్థాపించిన సంస్థకు మన నగరంలోని హబ్సిగూడలోనూ ఒక కేంద్రం ఉంది. లెక్కలంటే ఇష్టపడే మీ పిల్లలకు ఆ సంస్థ గురించి, ఆయన గురించి ఈ నెల తప్పక చెప్పండి.